యంత్రమునకు ఆజ్ఞ యిచ్చువారెవరు?

ఇటీవల మన పట్టణములలో ఏ బజారున నడచినను ఒక క్రొత్త రకపు దుకాణము కనబడుచున్నది. గుమ్మమునకు తగిలించు పేరుపలకలు, పెండ్లికానుకలుగా నిచ్చు చెక్కచిత్రములు, దేవతామూర్తుల ఫలకములు, పాఠశాలలలో పంచు జ్ఞాపికలు అచట తయారగుచున్నవి. కొనువాడు తన ఫోనులోని ఛాయాచిత్రము నొకదానిని చూపును. అమ్మువాడు దానిని కంప్యూటరునకు ఎక్కించును. గంట తిరుగక మునుపే ఆ ముఖము చెక్కమీద తేలును. కొన్నిచోట్ల లేసరు కిరణము కాల్చి గీయుచున్నది. కొన్నిచోట్ల గిరగిర తిరుగు ఉలి తొలిచి చెక్కుచున్నది. ఈ రెండవదానినే సి.ఎన్.సి. యంత్రమందురు.

దీనినిగూర్చి రెండు విధములైన మాటలు వినవచ్చుచున్నవి. యంత్రము వచ్చినది గనుక చేతిపనికి నూకలు చెల్లినవని కొందరు పెదవి విరుచుచున్నారు. పనివాడు పదిదినములు కూర్చుండి చేయుదానిని ఇది పూటలో చేయుచున్నది, ఇంతకంటె అభివృద్ధి ఏమి కావలెనని మరికొందరు సంబరపడుచున్నారు. ఈ రెండు పక్షములవారును యంత్రమునే చూచుచున్నారు. చిత్రమునకును యంత్రమునకును నడుమ జరుగు పని యొకటి కలదు; దానిని చూచువారు అరుదు. చెక్కపనివారి కూడును, మన కళల పరువును ఆ నడిమి పనిమీదనే ఆధారపడి యున్నవని మా అభిప్రాయము. కావున దానినే నేడు పాఠకుల యెదుట ఉంచుచున్నాము.

యంత్రమునకు కన్నులు లేవు. చిలుక యనిన దానికి తెలియదు, చేమంతి యనిన దానికి తెలియదు. ఎచటికి కదలవలెను, ఎంత వేగమున కదలవలెను, ఎంత లోతు దిగవలెను, కిరణము నెప్పుడు వెలిగించి ఎప్పుడు ఆర్పవలెను అనునవి మాత్రమే దానికి తెలిసిన మాటలు. ఈ మాటలను వరుసగా వ్రాసిన పత్రమునకు జి-కోడు అని పేరు. ‘జి 0’ అనిన పని చేయక వడిగా కదలుము. ‘జి 1’ అనిన పని చేయుచు తిన్నగా కదలుము. ‘జి 2’, ‘జి 3’ అనిన వంపు తిరుగుము. ‘ఎం 3’ అనిన ఉలిని త్రిప్పుము. ‘ఎం 5’ అనిన ఆపుము. ‘జి 1 ఎక్స్ 40 ఎఫ్ 600’ అని వ్రాసినచో, నిమిషమునకు 600 మిల్లీమీటర్ల వేగముతో 40 మిల్లీమీటర్ల గురుతువరకు పొమ్మని అర్థము. అరచేతి యంతటి పువ్వును చెక్కుటకు ఇట్టి పంక్తులు వేలకొలది కావలసివచ్చును. చిత్రమును ఈ పంక్తులుగా మార్చుటయే మేము చెప్పుచున్న నడిమి పని.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలో జాన్ పార్సన్స్ అనునాతడు హెలికాప్టరు రెక్కల వంపులను సరిగా చెక్కించుటకు అంకెలతో యంత్రమును నడుపు ఆలోచన చేసెను. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు దానిని పెంచి, చిల్లులు పొడిచిన కాగితపు పట్టీలోని ఆజ్ఞలనుబట్టి నడచు యంత్రమును 1952లో ప్రదర్శించిరి. ఆజ్ఞల భాషకు క్రమముగా కట్టుబాట్లు ఏర్పడి, 1980లో ఆర్.ఎస్. 274-డి అను ప్రమాణము వెలువడెను. నేడు మన బజారులోని చిన్న యంత్రము చదువు భాషకు ఆ వంశమే మూలము.

ఇంకను వెనుకకు పోయినచో ఈ విద్య మన సాలెవాడలకు కొత్తది కాదని తెలియును. ఫ్రాన్సు దేశమున జకార్డు అను నేతగాడు 1804లో అట్టలకు చిల్లులు పొడిచి, ఆ చిల్లులనుబట్టి పడుగుపోగులు లేచునట్లు చేసెను. చిల్లున్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు. 1839లో ఆ జకార్డు చిత్తరువునే సుమారు 24,000 అట్టలతో పట్టుమీద నేసిరి. చిత్రమును యంత్రాజ్ఞగా మార్చుట యనగా ఏమో ఆ మగ్గము లోకమునకు చూపినది. ధర్మవరపు చీర అంచుమీద హంసను నేయుటకు ముందు దానిని గళ్ళకాగితముమీద గళ్ళుగా విడదీసి, గళ్ళను అట్టమీద చిల్లులుగా పొడిచిన పనివాడు ఈ పనినే చేసెను. అతడు జి-కోడు అను పేరు వినియుండడు. కాని విద్య అదియే. ఆ నేతలో హంస మెడ వంపు ఎన్ని గళ్ళలో తిరుగవలెనో నిర్ణయించినది మగ్గము కాదు, మనుష్యుడు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము.

ఇక ప్రస్తుతమునకు వత్తము. చిత్రమును ఆజ్ఞలుగా మార్చుటకు ముఖ్యముగా రెండు దారులు కలవు. మొదటిది పొలము దున్నినట్లు ప్రక్కప్రక్కగా చాళ్ళు వేయుట. చిత్రమును సన్నని అడ్డుగీతలుగా కోసి, ఒక్కొక్క గీతమీదను కిరణమును ఈ చివరనుండి ఆ చివరకు నడుపుదురు. నలుపున్నచోట అది కాల్చును, తెలుపున్నచోట కాల్చదు. చాళ్ళ నడుమ మిల్లీమీటరులో పదవవంతు ఎడమున్నదనుకొందము. పది సెంటీమీటర్ల చదరపు పలకకు 1,000 చాళ్ళు కావలెను. ఒక్కొక్క చాలు 100 మిల్లీమీటర్లు. మొత్తము నడక 100 మీటర్లు. నిమిషమునకు 3,000 మిల్లీమీటర్ల వేగమున నడచినను మలుపుల కాలముగాక 33 నిమిషములకు పైగా పట్టును. కాలుటలో హెచ్చుతగ్గులు సరిగా పలుకని పదార్థముమీద నెరుపు చూపుటకు చుక్కలను దట్టముగాను పలుచగాను చల్లు గణితమొకటి కలదు. 1976లో ఫ్లాయిడ్, స్టైన్‌బెర్గ్ అనువారు చెప్పిన పద్ధతి నేటికిని వాడుకలో నున్నది.

రెండవ దారి ముగ్గు వేసినట్లు గీతవెంట పోవుట. చిత్రములోని అంచులను గుర్తించి, వానిని వంపులుగాను సరళరేఖలుగాను లెక్కకట్టి, ఆ దారివెంట ఉలిని గాని కిరణమును గాని నడుపుదురు. యంత్రపు చక్రములు మెట్లుమెట్లుగా కదలునే గాని జారినట్లు కదలవు. ఏటవాలు గీతను మెట్లుగా విడదీయు చక్కని లెక్కను బ్రెసెన్‌హామ్ అను పండితుడు 1962లో చిత్రలేఖన యంత్రముకొరకే కనిపెట్టెను.

ఈ విద్యలో మనదేశపు పాలు లేదనుకొనువారికి ఒక మాట. చెక్కను, తోలును, కాగితమును కోయుటకు విరివిగా వాడు కార్బన్ డయాక్సైడు లేసరును 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కనిపెట్టినవాడు కుమార్ పటేల్. ఆయన మహారాష్ట్రములోని బారామతిలో పుట్టి, పూనాలో ఇంజనీరింగు చదివినవాడు. ఇది గొప్పలు చెప్పుకొనుటకు కాదు. ఈ విద్య మనకు అందని ద్రాక్ష కాదని చెప్పుటకు.

సాధనములు అమ్మువారు మీట నొక్కిన చాలునని చెప్పుచున్నారు. చిత్రము నిచ్చి మీట నొక్కినచో పంక్తులు వచ్చునన్నది నిజమే. కాని ఆ పంక్తులు మంచివా యన్నదే ప్రశ్న. కొన్ని నిదర్శనములు చూపెదము.

ఒక నల్లని గీతను యంత్రమునకు చూపినచో, అంచులు వెదకు సామాన్య సాధనము దానిని గీతగా గ్రహింపదు; సన్నని నల్లని గడ్డగా గ్రహించి దానికి రెండు ప్రక్కల రెండు అంచులు కట్టును. ఫలితముగా చిత్రకారుడు ఒక్కమారు గీసిన కనుబొమ్మను కిరణము రెండుమారులు గీయును. గీత నడిమిని పట్టుకొనవలెనా, అంచును పట్టుకొనవలెనా అని చెప్పవలసినవాడు మనుష్యుడు.

ఛాయాచిత్రమునుండి ఉబ్బెత్తు ప్రతిమను చెక్కించు పద్ధతిలో ఇంకను పెద్ద చిక్కు కలదు. తెలుపైనచోట ఎత్తు, నలుపైనచోట లోతు అని సామాన్యముగా లెక్క కట్టుదురు. ఛాయాచిత్రములోని నలుపు లోతువలన వచ్చినదా, రంగువలన వచ్చినదా, నీడవలన వచ్చినదా యన్నది యంత్రమునకు తెలియదు. అందుచేత నుదుటి బొట్టు గుంట యగును. నూనె రాసి దువ్విన నల్లని జుట్టు తలమీద గొయ్యి యగును. ముక్కుకొనమీద వెలుగు పడినచో అచట మొటిమ మొలచును. తాతగారి రూపమును అపేక్షతో చెక్కించుకొన్నవారి యిండ్లలో ఇట్టి విచిత్రములు గోడలమీద వ్రేలాడుచున్నవి. శిల్పి నీడను చూచి లోతును ఊహించును; యంత్రము నీడనే లోతనుకొనును.

ఉలి మందమును మరచినవారికి మరియొక చిక్కు. మూడు మిల్లీమీటర్ల మందముగల గుండ్రని ఉలి అంతకంటె ఇరుకైన సందులో దూరదు. లోపలి మూలను ఒకటిన్నర మిల్లీమీటరు వంపుకంటె సూదిగా దిద్దలేదు. తెరమీద సూదిమొనవలె కనబడిన రేకుల సందు చెక్కమీద మొద్దుగా వచ్చును. పనివాడు చేతిలోని ఉలిని మార్చుకొనును. యంత్రమునకు ఏ చోట ఏ ఉలి వేయవలెనో ముందుగా ఆజ్ఞలోనే వ్రాయవలెను.

తెలుగు అక్షరముల విషయమున మన నిర్లక్ష్యము మరింత బాధాకరము. మన లిపి గుండ్రని లిపి. పలకకు అడ్డముగా తెగునట్లు అక్షరములను కోసినచో ‘ర’ లోని నడిమి ముక్కయు, సున్నలోని నడిమి ముక్కయు ఊడి క్రింద పడును. అక్షరముండవలసినచోట చిల్లు మిగులును. లోపలి ముక్కను వెలుపలి పలకతో కలుపు సన్నని వారధులను ఎచట నిలుపవలెనో తెలుగు చదువ నేర్చినవాడే చెప్పగలడు. మరి కొన్ని సాధనములకు మన వత్తులు కూర్చుట చేతకాదు. ‘స్త్రీ’ యని కొట్టినచో అక్షరమొక చోట, వత్తొక చోట, గుడి యొక చోట పడును. మొదట అక్షరములను సరిగా కూర్చగల సాధనములో వ్రాసి, వానిని గీతలుగా మార్చి, పిమ్మట యంత్రమునకు పంపినచో ఈ తప్పు రాదు. ఈ చిన్న జాగ్రత్త తీసికొనకపోవుటచేత విరిగిన తెలుగు పేరుపలకలకు ఎక్కుచున్నది. కాగితముమీది తప్పును కొట్టివేయవచ్చును. రాతిమీది తప్పు తరములవరకు నిలుచును.

ఇప్పుడు పెడనకు పోవుదము. బందరు కలంకారీ బట్టకు అద్దకపు అచ్చులే ప్రాణము. టేకుకొయ్యమీద ఆ అచ్చులను చెక్కు పనివారు కృష్ణాజిల్లాలోని పెడనలో నున్నారు. శ్రీకాళహస్తి కలంకారీకి కలము ఎట్టిదో బందరు కలంకారీకి అచ్చు అట్టిది. అచ్చు చెక్కువాడు చేయు ఆలోచన ఏమి? బట్టమీద కుడివైపునకు చూడవలసిన చిలుకను కొయ్యమీద ఎడమవైపునకు తిప్పవలెను. గీతను నిలిపి చుట్టునున్న కొయ్యను తీసివేయవలెను. గీతకు ఒక అచ్చు, నింపవలసిన ఒక్కొక్క రంగునకు వేరొక అచ్చు విడదీసి, అవి యన్నియు ఒకదానిపై నొకటి సరిగా కూర్చుండునట్లు చూడవలెను. కొయ్య నారకు అడ్డముగా పోవు సన్నని గీత దెబ్బలకు విరుగును గనుక దానిని కొంచెము లావు చేయవలెను. పక్కపక్కన అద్దినప్పుడు తీగ తెగక సాగునట్లు ఈ అంచును ఆ అంచుతో కలుపవలెను.

పాఠకులు గమనింతురు గాక. పైన మేము చెప్పిన యంత్రాజ్ఞల చిక్కులకును, ఈ అచ్చుపనివాని ఆలోచనలకును భేదమేమి? ఏ గీతను ఉంచవలెను, దేనిని విడువవలెను, దేనిని లావు చేయవలెను, ఎచట ఎంత లోతు తీయవలెను అనుటే రెండుచోట్లను ప్రశ్న. చిత్రమును కొయ్యకు అనువుగా మార్చు విద్యను పనివాడు తాతముత్తాతల నాటినుండి ఎరుగును. కాని యంత్రము వచ్చిన తరువాత ఆ విద్య అతని చేతిలోనుండి జారి, కొయ్య నార యేదో ఎరుగనివాని బల్లమీదకు పోవుచున్నది. మేము చింతించునది దీనికే. ఉలి మారుటవలన పనివాడు చెడడు. ఆజ్ఞ యిచ్చు అధికారము పోవుటవలన చెడును.

నష్టము ఇంతటితో ఆగదు. అద్దకపు బట్టకు ఒక ఛాయాచిత్రము తీసిన చాలును. దానినుండి గీతలు లాగి, వానిని ఆజ్ఞలుగా మార్చి, వేయి మైళ్ళ దూరమున మరియొకడు అదే అచ్చును చెక్కించుకొనవచ్చును. చట్టము అడ్డుపడదా యని అడుగుదురేమో. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టము ‘మచిలీపట్నం కలంకారీ’ వంటి పేరును కాపాడును. ఆ పేరుతో అన్యులు సరకు అమ్మరాదు. 2000 నాటి డిజైనుల చట్టము క్రొత్త నమూనాను నమోదు చేయించుకొన్నవారికి మొదట పదేండ్లును, గడువు పొడిగించుకొన్నచో మరి అయిదేండ్లును హక్కు నిచ్చును. కాని తరతరములుగా వాడుకలోనున్న తీగ, మొగ్గ, హంస ఎవరి క్రొత్త నమూనాయు కావు. పేరుకు కాపు గలదు, గీతకు కాపు లేదు. చట్టము చేయలేని ఈ పనిని సంఘము చేసికొనవలెను.

యంత్రమును బహిష్కరింపుడని మేము చెప్పబోవుచున్నామని కొందరు తలంతురేమో. అట్లు చెప్పుట లేదు. యంత్రవ్యామోహమును అంత గట్టిగా ఖండించిన గాంధీమహాత్ముడే 1924లో ఈ ప్రశ్న వచ్చినప్పుడు కుట్టుయంత్రమునకు మినహాయింపు నిచ్చెను. మనుష్యుని శ్రమ తగ్గించి మనుష్యుని నిలుపు యంత్రము వేరు, మనుష్యునే తీసివేయు యంత్రము వేరు అన్నది ఆయన భావము. అచ్చు చుట్టునున్న కొయ్యను గంటలతరబడి తవ్విపోయుట శ్రమయే గాని కళ కాదు. ఆ పనిని యంత్రము చేసి, చివరి గీతలను పనివాడు తన ఉలితో దిద్దినచో అతని వెన్నునొప్పి తగ్గును, కన్ను మిగులును. దీనిని కాదనుట మొండితనము.

అయినను ఎదుటి పక్షపువారి భయమును తేలికగా త్రోసివేయుటకు మాకు మనసు రాదు. అనేక దినముల పని ఒక దినములో జరిగినచో మిగిలిన దినముల కూలి ఎవరిది? యంత్రము ధనికుని దుకాణములో నుండి, పనివాడు దానికి కొయ్యముక్క లందించు కూలివాడైనచో, లాభము దుకాణమునకు పోవును, నష్టము పనివానికి మిగులును. ఆ యంత్రమే పనివారి సంఘము సొత్తైనచో, మిగిలిన దినములలో వారు క్రొత్త నమూనాలు కల్పింపగలరు. మేలుకీడులు యంత్రములో లేవు. దాని యాజమాన్యములోను, దానికి ఆజ్ఞ వ్రాయు విద్యలోను ఉన్నవి.

కొనువానికి చేతిపనియైన నేమి, యంత్రపు పనియైన నేమి, చౌకగా అందముగా నున్న చాలదా యనువారును కలరు. చాలునో చాలదో కొనువాడే తేల్చుకొనవలెను. కాని తేల్చుకొనుటకు అతనికి నిజము తెలియవలెను గదా. యంత్రముతో చెక్కినదానిని చేతిపని యని చెప్పి చేతిపని ధరకు అమ్ముట మోసము. ఆ మోసము కొనువానిని ఒకమారు ముంచును, నిజమైన చేతిపనివానిని ప్రతిదినము ముంచును. చేనేత విషయమున ఈ విచక్షణకు దారి ఏర్పడియే యున్నది. 1985లో కొన్ని వస్త్రరకములను చేనేతకే కేటాయించి చట్టము చేసిరి. 2006లో నిజమైన చేనేతకు గుర్తుగా చేనేత ముద్రను ప్రవేశపెట్టిరి. చెక్కపనికి మాత్రము అట్టి విచక్షణ ఏల పనికిరాదు?

ఇందుకు మన ప్రాచీనులే ఒక మేలుబంతి చూపియున్నారు. రాజరాజనరేంద్రుని నందంపూడి తామ్రశాసనము 1053 నాటిది. అందులో ఆజ్ఞను నెరవేర్చిన అధికారి ఎవరో, శాసనమును రచించిన నన్నియభట్టు ఎవరో, లేఖకుడైన గండాచార్యుడు ఎవరో వేరువేరుగా చెప్పబడియున్నది. రాజు పేరొక్కటే చాలునని వారు తలపలేదు. భావము ఒకరిది, అక్షరము వేరొకరిది అని ఒప్పుకొని ఇరువురకును రాగిరేకుమీద చోటిచ్చిరి. దాదాపు వేయేండ్ల క్రిందట లేఖకుని పేరు నిలిపిన జాతివారము నేడు చెక్కిన పలకమీద గీసినవాని పేరు లేకున్నను, దుకాణపు పేరు మాత్రము మెరయుచుండగా చూచి ఊరకుండుట న్యాయమా?

కావున మా సూచనలను ఇచట పొందుపరచుచున్నాము.

మొదటిది, చెక్కి అమ్ము ప్రతి వస్తువుమీదను మూడు సంగతులు చెప్పవలెను: గీసినవారెవరు, దానిని యంత్రమునకు అనువుగా మార్చినవారెవరు, చెక్కినది చేయియా యంత్రమా లేక రెండునా. సంప్రదాయపు నమూనాయైనచో ఏ ఊరి సంప్రదాయమో చెప్పిన చాలును. దీనికి ఖర్చు లేదు. నిజాయితీ యొక్కటే కావలెను.

రెండవది, ఈ విద్యను తెలుగులో నేర్పవలెను. సాధనములకు ధనము లేదను సాకు చెల్లదు. చిత్రమును గీతలుగా మార్చు ఇంక్‌స్కేప్ ఎవరికైనను ఉచితముగా దొరకును. యంత్రపు చిన్న మెదడులో కూర్చుండి జి-కోడు చదువు జి.ఆర్.బి.ఎల్. అను కార్యక్రమమును 2009లో నార్వే దేశీయుడొకడు వ్రాసి లోకమునకు స్వేచ్ఛగా విడిచెను. అనేక చిన్న యంత్రములు దానితోనే నడచుచున్నవి. లేనిది పుస్తకము. కొయ్యపనివాని కుమారుడు ఇంగ్లీషు రాదను కారణమున ఈ విద్యకు దూరమగుట మన పాలిటెక్నిక్కులకును, పారిశ్రామిక శిక్షణాలయములకును తగదు. కొయ్య నెరిగిన వృద్ధుడును, కంప్యూటరు నెరిగిన యువకుడును ఒకే బల్లయొద్ద కూర్చుండునట్లు తరగతులు నడుపవలెను. ఒకరియొద్ద లేనిది రెండవవారియొద్ద కలదు.

మూడవది, పెడనలోను, కొండపల్లిలోను, దుర్గిలోను, ఆళ్ళగడ్డలోను పనివారి సంఘములు ఉమ్మడిగా యంత్రములు కొని నడుపుకొనవలెను. కొండపల్లి బొమ్మకు వాడు తెల్లపొణికి వేరు, పెడన అచ్చుకు వాడు టేకు వేరు, ఆళ్ళగడ్డ శిల్పి చెక్కు రాయి వేరు. ఒక్కొక్కదానికి తగిన వేగము, తగిన లోతు, తగిన ఉలి అనుభవముచేతనే తెలియును. ఆ లెక్కలను వ్రాసి పెట్టుకొన్నచో అవియే రాబోవు తరమునకు ఆస్తి యగును.

నాలుగవది, అరిగిపోవుచున్న పాత అచ్చులను పనివారి సమ్మతితో శుభ్రముగా గీతలుగా ఎక్కించి, ఎవరి ఇంట దొరకినవో, ఏ రంగునకు ఏ అచ్చో వ్రాసి భద్రపరుపవలెను. ఆ భాండారమునకు తాళపుచెవి పనివారి సంఘము చేతిలోనే యుండవలెను. భద్రపరచుట యను పేరుతో వారి సొత్తును వారికి తెలియక బజారున పెట్టుట భద్రపరచుట కాదు, దోచుట.

అయిదవది ప్రాణములకు సంబంధించినది. కార్బన్ డయాక్సైడు లేసరు కిరణము కంటికి కనబడదు. చిన్న యంత్రములలోని నీలికిరణము కనబడును గాని అదియును కంటిని చెరుపును. తగిన అద్దములును, మూతయును, పొగ వెలుపలికి పోవు మార్గమును లేక కొన్నిచోట్ల వీధిముఖముననే ఈ పని చేయుచున్నారు. పి.వి.సి. కలిసిన రెక్సినును కిరణముతో కాల్చినచో హైడ్రోజన్ క్లోరైడు అను ఘాటైన వాయువు వచ్చును. అది ఊపిరితిత్తులను తినును, యంత్రమునకు త్రుప్పు పట్టించును. తెలిసిన పదార్థమునే యంత్రముక్రింద పెట్టవలెను.

ఈ పనులకు ప్రభుత్వము కదలువరకు కాచుకొననక్కరలేదు. పఠనమందిరములలో ఈ పత్రిక చదువువారిలో జ్ఞాపికలు చేయించు పాఠశాలాధికారులు కలరు, శిలాఫలకములు వేయించు ధర్మకర్తలు కలరు, పెండ్లికానుకలు కొను గృహస్థులు కలరు. వారు ఆర్డరు నిచ్చునప్పుడు ‘ఇది ఎవరు గీసినది? యంత్రమునకు ఎవరు సిద్ధము చేసినది? తెలుగక్షరములు ఎవరు సరిచూచినది?’ అని మూడు ప్రశ్నలు వేసినచో, నెల తిరుగకముందే దుకాణదారు జవాబు చెప్పగలవానిని వెదకుకొనును. ఆ జవాబు చెప్పగలవాడు ఏ పెడన వీధిలోనో ఉలి చేతబట్టుకొని కూర్చుండియున్నాడు.

యంత్రము ఆజ్ఞను పాటించునే గాని ఆజ్ఞ యొక్క మంచిచెడ్డలు విచారింపదు. ఎవరు వ్రాసియిచ్చిన పంక్తినైనను అది ఒకే విధేయతతో చెక్కును. చెక్కుట నేర్చినవానికి ఆ పంక్తి వ్రాయుట నేర్పినచో మన శిల్పము ఉలి మార్చుకొని బ్రదుకును. నేర్పకపోయినచో యంత్రములు పెరుగును, పలకలు పెరుగును; శిల్పము మాత్రము ఉండదు.